అయ్యో, మావాడనుకున్నానండీ: ముక్కూమొహం తెలియని మనిషిని పలకరించేశాక ఏం చెయ్యాలి

వెనక నుంచి వెళ్లి వీపు మీద చరవకండి. మిగతాదంతా చదవకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం పరువు దక్కుతుంది, ఎందుకంటే ఈ విషయంలో పెద్ద పెద్ద అవమానాలన్నీ వీపు చూసి మనిషిని పోల్చుకోవడం దగ్గరే మొదలవుతాయి.

నా సంగతి చెప్తా. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో గుడివాడ బస్సు కోసం చూస్తున్నా. టీ కొట్టు దగ్గర మా ఇంటర్ క్లాస్‌మేట్ నిలబడి ఉన్నాడు. అదే గళ్ల చొక్కా, ఎడమ కాలి మీద బరువేసి నిలబడే అదే పద్ధతి, మెడ వెనక అదే కటింగు. చప్పుడు చెయ్యకుండా వెళ్లి వీపు మీద ఒక్కటిచ్చి, "ఏరా దున్నపోతా, ఫోనెత్తవేంట్రా" అన్నా. తిరిగాడు. యాభై ఏళ్ల పెద్దమనిషి. పేపర్ కప్పులో టీ సగం ఆయన చొక్కా మీద, సగం నా చెప్పు మీద. నా చెయ్యి ఇంకా ఆయన భుజం మీదే ఉంది, తియ్యాలని కూడా తోచలేదు. ఆయన తిట్టినా బాగుండేది. చొక్కా దులుపుకుంటూ, "పర్లేదు బాబూ, ఎవరనుకున్నావ్?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. సారీ సార్, సారీ సార్ అని ఓ ఆరుసార్లు అనేసి ఎదురుగా కదులుతున్న బస్సెక్కేశా. అది మచిలీపట్నం బస్సు. పామర్రులో దిగి మళ్లీ గుడివాడ బస్సు పట్టుకున్నా.

వీపు మీద కొట్టడం ఒక తప్పు, సరే. కానీ చాలా రోజులు నన్ను తినేసింది అది కాదు, ఆయన అంత మర్యాదగా అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా పారిపోవడం. పొరపాటు పడటం మన చేతుల్లో లేదు, ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాతి పది సెకన్లు మాత్రం మన చేతుల్లోనే ఉంటాయి, ఇక్కడ నేను చెప్పేదంతా ఎక్కువగా ఆ పది సెకన్ల గురించే.

అసలు ఎందుకు పొరపడతాం

ఒకే పోలికతో లోకంలో ఏడుగురుంటారని మన పెద్దవాళ్లు అంటారు. ఆ ఏడుగురిని ఎవరు లెక్కపెట్టారో గానీ, నిజానికి మనం పొరపడటానికి అంత పోలిక అక్కర్లేదు. నా క్లాస్‌మేట్‌కీ ఆ పెద్దాయనకీ ముక్కు, కళ్లు, రంగు, వయసు, ఏ ఒక్కటీ కలవలేదు. కలిసింది చొక్కా, క్రాపు, నిలబడే తీరు.

మొహాలు గుర్తుపట్టడంలో మనం మొనగాళ్లమని అందరికీ నమ్మకం. తెలిసినవాళ్ల విషయంలో అది నిజమే. 2018లో ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీవాళ్లు లెక్కవేస్తే, ఒక మనిషికి సగటున 5,000 మొహాలు గుర్తుంటాయని తేలింది, సినిమావాళ్లూ రాజకీయ నాయకులూ అందులో కలిపే. కానీ తెలియని మొహం దగ్గరికి వచ్చేసరికి మన పని అంతంత మాత్రమే. 2014లో ఆస్ట్రేలియాలో పాస్‌పోర్ట్ ఆఫీసర్లకే పరీక్ష పెడితే, ఎదురుగా ఉన్న మనిషిది కాని ఫొటోని ఆ మనిషిదేనని 14 శాతం సార్లు ఒప్పేసుకున్నారు. రోజూ అదే ఉద్యోగం చేసేవాళ్ల సంగతే అది, బస్టాండ్‌లో నిద్రమొహంతో నిలబడ్డ మన సంగతి చెప్పేదేముంది.

బాగా తెలిసిన మనిషినైతే కళ్లు, ముక్కు, నోరు చూసి పోల్చుకుంటాం, తెలియని మనిషి దగ్గర మన చూపు ఎక్కువగా జుట్టు మీదా మొహం చుట్టుకొలత మీదా ఆగిపోతుంది. ఇది నమ్మకపోతే ఓసారి తిరుమల వెళ్లి కల్యాణకట్ట బయట నిలబడండి. గుండు చేయించుకుని పసుపు గంధం రాసుకున్న మనుషులు వరసగా వస్తుంటారు, అందులో మీవాళ్లెవరో చెప్పండి చూద్దాం. మా మేనల్లుడు నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న ఎదురుగా వస్తే ఏడుస్తూ వెనక్కి వెళ్లిపోయి, ఇంకెవరో గుండాయన పంచె పట్టుకున్నాడు. ఆ గుండాయన వాణ్ణి ఎత్తుకుని ‘ఎవరమ్మా ఈ బాబు’ అని అరుస్తుంటే, వాళ్ల నాన్న ఎదురుగా నిలబడి నేనేరా అంటున్నా నమ్మలేదు.

ఇంకోటి, మనిషి అలవాటైన చోట కాకుండా వేరే చోట కనిపించడం. రోజూ మందులిచ్చే షాపతను పెళ్లిలో పట్టుపంచెలో కనపడితే, ‘ఈయన నాకు బాగా తెలుసు’ అని మనసు కొట్టేసుకుంటుంది, ఎవరో మాత్రం తట్టదు. జార్జ్ మాండ్లర్ అనే సైకాలజిస్ట్ 1980లో ఇదే విషయానికి బస్సులో కనపడ్డ మాంసం కొట్టతన్ని ఉదాహరణగా చెప్పాడు. తెలిసిన మొహం అన్న భావన ముందొస్తుంది, ఎవరన్నది తర్వాత వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. మనం దెబ్బతినేది ఇక్కడే. ఆ మొదటి భావన రాగానే మిగతాది మనమే పూరించేసుకుంటాం, అవతల ఉన్నది నిజంగా మందుల షాపతనో, మన పెద్దమ్మ తోడికోడలి తమ్ముడో, ఎవరూ కాదో తేలకుండానే.

ఎదురుచూస్తున్నప్పుడైతే మరీ ఘోరం. సికింద్రాబాద్ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగే చుట్టం కోసం నిలబడితే, దిగే ప్రతి రెండో మనిషీ ఆ చుట్టంలాగే కనపడతాడు.

పలకరించే ముందు

ముందువైపు నుంచి వెళ్లండి, అవతలి మనిషి కంట్లో పడండి. మనం తెలిసినవాళ్లమైతే వాళ్ల కనుబొమలు ఠక్కున పైకి లేస్తాయి, చిన్న నవ్వు వస్తుంది, వాటిని ఆపుకోవడం కష్టం. రెండు సెకన్లు చూసినా ఆ మొహంలో ఏమీ కదలకపోతే మీ దారిన మీరు సాగిపోండి, ఇంకా ఏ నష్టమూ జరగలేదు.

పేరు పెట్టి పిలవచ్చు కదా అంటారా. పిలవండి, కానీ విజయవాడ బస్టాండ్‌లో ‘శ్రీనూ’ అని కేకేస్తే నలుగురు తిరుగుతారు, అందులో ఒకడు డ్రైవరు. నాకు తెలిసి అన్నిటికంటే పనికొచ్చే ఉపాయం ఫోన్. ఎవరనుకుంటున్నారో ఆ మనిషికి అక్కడే నిలబడి ఫోన్ చెయ్యండి. ఎదురుగా ఉన్నవాడి చెయ్యి జేబులోకి పోతే వాడే. పోకపోతే బతికిపోయారు, పైగా ఎన్నాళ్లుగానో చెయ్యని ఫోన్ చేసినట్టూ అవుతుంది. నేను ఈ మధ్య ఇలాగే ఒకడికి చేస్తే వాడు బెంగళూరులో ఉన్నాడు, ‘నీ లాంటోడు ఇక్కడ పునుగులు తింటున్నాడ్రా’ అని చెప్పి అరగంట మాట్లాడుకున్నాం.

మొదటి పిలుపు ఏది వాడుతున్నామన్నది మీరు అనుకున్నదానికంటే ముఖ్యం. మన భాషలో ఉన్న సుఖం ఏంటంటే బాబాయ్, అన్నా, అక్కా, పిన్నిగారూ, ఇవన్నీ చుట్టాలకీ పనికొస్తాయి, ముక్కూమొహం తెలియనివాళ్లకీ పనికొస్తాయి. ‘అన్నా’ అని పిలిచి, తిరిగాక మనవాడు కాదని తెలిస్తే, ‘అన్నా, గుడివాడ బస్సు ఎన్నో ప్లాట్‌ఫాం?’ అని మార్చేసుకోవచ్చు, వాళ్లకి అనుమానం కూడా రాదు. ‘ఒరేయ్’ని మాత్రం ఎటూ మార్చలేం. ‘ఏమే’ అన్నదాన్ని అసలే మార్చలేం. అయ్యప్ప మాల రోజుల్లో ఈ బాధే ఉండదు, నల్లబట్టలు కట్టి గడ్డం పెంచిన ప్రతి మనిషినీ ‘స్వామీ’ అంటే సరిపోతుంది, పేరు గుర్తులేకపోయినా మనిషే గుర్తులేకపోయినా 41 రోజులు హాయిగా గడిచిపోతుంది. గడ్డాలన్నీ ఒక్కలాగే ఉండటం వల్ల పొరపాట్లు అప్పుడే ఎక్కువ, పట్టించుకునేవాళ్లు కూడా అప్పుడే తక్కువ.

హెల్మెట్ పెట్టుకున్న మనిషిని అస్సలు నమ్మకండి. మా అక్క కూకట్‌పల్లిలో పెట్రోలు బంకు దగ్గర దిగింది. మా బావ పెట్రోలు కొట్టించుకుని గాలి పెట్టించడానికి పక్కకెళ్లాడు. ఈవిడ ఫోన్ చూసుకుంటూ వచ్చి ఎదురుగా ఉన్న తెల్ల స్కూటర్ వెనక ఎక్కి కూర్చుని, "పెరుగు ప్యాకెట్ తీసుకోవాలి, మర్చిపోకు" అంది. ఆ అబ్బాయి బిగుసుకుపోయాడట. స్టార్ట్ చెయ్యడు, దిగమని అనడు, వెనక్కి తిరిగి చూడడు. మా అక్క వీపు మీద పొడిచి ‘కదలవేంటి’ అంది. అప్పుడు హెల్మెట్‌లోంచి చిన్నగా, "మేడమ్, మీ సార్ అక్కడున్నారు" అన్నాడు. ఇప్పుడు ఆవిడ బండి నంబర్ చివరి నాలుగంకెలు చూసుకోకుండా ఎక్కదు. క్యాబ్‌కైతే నంబరూ ఓటీపీ ఎలాగూ ఉన్నాయి, అవి చూసుకోకుండా తెల్ల కారు ఆగింది కదా అని తలుపు తియ్యకండి, అది ఎవరి సొంత కారో అయ్యుంటుంది, వెనక సీట్లో వాళ్ల అత్తగారు కూర్చుని ఉంటారు.

తప్పు జరిగిపోయింది, ఇప్పుడేంటి

చెయ్యి తీసేయండి, ఒక అడుగు వెనక్కి వెయ్యండి. సారీ ఒక్కసారే చెప్పండి. ఆరుసార్లు చెప్తే అవతలివాళ్లు మనల్ని ఓదార్చాల్సి వస్తుంది, అది వాళ్ల పని కాదు.

ఆ తర్వాత, ఎవరనుకున్నారో చెప్పండి. నేను బస్టాండ్‌లో చెయ్యనిది ఇదే. "క్షమించండి, మా బావగారనుకున్నానండీ" అన్నారనుకోండి, అవతలి మనిషికి ఒక్కసారిగా విషయం అర్థమైపోతుంది. చెప్పకపోతే ఆయన ఇంటికెళ్లేదాకా ఆలోచిస్తాడు, వీడు జేబు కొట్టేయడానికి వచ్చాడా, తాగి ఉన్నాడా, పిచ్చివాడా అని. తెలంగాణలోనైతే "సారీ అన్నా, మా దోస్తు అనుకున్నా" అంటే అయిపోతుంది, చాలాసార్లు "నీ దోస్తు గింత మంచిగుంటడా?" అని వాళ్లే నవ్వేస్తారు.

కానీ ఎందుకలా అనుకున్నారో చెప్పకండి. ‘మా బాబాయికీ ఇలాగే బట్టతలండీ’, ‘మా అక్క కూడా కాస్త బొద్దుగా ఉంటుంది’, ఇలాంటివి నోట్లోనే ఉంచుకోండి. వయసు విషయం ఇంకా జాగ్రత్త. ముప్ఫై అయిదేళ్లావిడతో ‘మా పెద్దమ్మ అనుకున్నానండీ’ అంటే, మీరు చేసిన మొదటి తప్పుని ఆవిడ ఆ క్షణంలో మర్చిపోతుంది, ఈ రెండోదాన్ని మాత్రం చచ్చేదాకా మర్చిపోదు. అలాంటప్పుడు ‘మా చుట్టాలావిడ అనుకున్నా’ అని ఊరుకోవడం మంచిది. ఇది అబద్ధం కూడా కాదు.

మగవాళ్లు తెలియని ఆడవాళ్లని పొరపాటున పలకరించినప్పుడు, నేను పైన చెప్పిన కబుర్లేవీ వద్దు. ‘మిమ్మల్నెక్కడో చూసినట్టుందండీ’ అన్న మాట మన దగ్గర ఎన్నేళ్లుగా ఎంతమంది వెధవలు వాడి అరగదీశారో తెలుసుగా, మీరు నిజంగానే పొరపడ్డా ఆవిడ నమ్మాల్సిన అవసరం లేదు. "సారీ అండీ, వేరేవాళ్లనుకున్నా" అని చెప్పి, పక్కకి తప్పుకోండి. ఆవిడ వెళ్లే వైపే మీరూ వెళ్లాల్సి ఉంటే ఒక నిమిషం ఆగి వెళ్లండి. పోలికలు నిజమని నిరూపించడానికి ఫోన్ తీసి మీ చెల్లెలి ఫొటో చూపించబోకండి. ఆ మనిషికి కావలసింది మీ నిజాయితీ కాదు, మీరు అక్కణ్ణుంచి వెళ్లడం.

చెయ్యి ఊపిన సంగతి వేరే. ఎదురుగా ఎవరో నవ్వుతూ చెయ్యి ఊపారు, మీరూ ఊపారు, తీరా చూస్తే వాళ్లు ఊపింది మీ వెనకున్నవాళ్లకి. ఆ చేతిని జుట్టు సవరించుకున్నట్టో, బస్సుని ఆపుతున్నట్టో మార్చే నాటకం అందరికీ తెలుసు, చూసినవాళ్లందరికీ అర్థమవుతుంది కూడా. నేనైతే ఊపిన చెయ్యి ఊపినట్టే ఉంచి, నవ్వి, దించేస్తా. ఇద్దరికి చెయ్యి ఊపినందుకు ఎవరూ కేసు పెట్టరు.

పెద్దవాళ్లకైతే అసలు సారీతో పనే లేదు. నమస్కారం పెట్టేశాక ‘ఈయన మన మాస్టారు కాదే’ అని తెలిసినా, పెట్టిన నమస్కారం వెనక్కి తీసుకోకండి. ‘చల్లగా ఉండు నాయనా’ అంటారు, తీసుకుని వచ్చెయ్యండి.

ఇక మనవాళ్ల ప్రత్యేకత ఒకటుంది. మీరు ‘ఫలానా ఊరి మా బావగారనుకున్నా’ అనగానే చాలామంది వదిలిపెట్టరు. ‘ఏ ఊరన్నారు? పెదపారుపూడా? అక్కడ మా మేనత్త కోడలి పుట్టిల్లు’ అంటారు. ఇంక మొదలు. రెండు వీధులు, ఒక రైస్ మిల్లు, ఒక హెడ్మాస్టరు దాటేసరికి ఎక్కడో ఓ చోట కలుస్తుంది. డాలస్‌లో ఇండియన్ గ్రోసరీ షాపులో గోంగూర కట్టలు ఏరుతున్న మనిషిని నేను మా కొలీగ్ అనుకుని ‘వీసా వచ్చిందా’ అని అడిగేశా, ఆయన ‘రాలేదండీ, మీరెవరు?’ అన్నాడు. ఇప్పుడు వాళ్లింట్లో వినాయక చవితికి పిలుస్తారు. అక్కడైతే రివర్స్ కూడా జరుగుతుంది, ఆఫీసులో ఇద్దరు ఇండియన్లుంటే అక్కడివాళ్లు పేర్లు తారుమారు చేసేస్తారు. మనకీ మొదటి నెలల్లో వాళ్లందరూ ఒక్కలాగే కనపడతారు, కాబట్టి కోపం తెచ్చుకోకండి. చిన్నప్పటి నుంచి ఎలాంటి మొహాల మధ్య పెరిగామో అలాంటివాటిలోనే తేడాలు బాగా పట్టుకుంటాం, ఇది దేశాల వారీగా చాలాసార్లు పరీక్షించి చూసిన విషయమే.

సగం మాట్లాడాక తెలిస్తే

ఇది అన్నిటికంటే కష్టమైన కేసు. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లి. భోజనాల దగ్గర బంతి కోసం నిలబడి ఉంటే ఒకాయన వచ్చి ‘ఏవండోయ్, ఎప్పుడొచ్చారు?’ అన్నాడు. నాకు భీమవరం బాబాయిగారి అల్లుడిలా తోచింది. ‘పొద్దున్నే వచ్చామండీ, పిల్లలు బాగున్నారా’ అన్నా. బాగున్నారన్నాడు. పాపకి సీటు వచ్చిందా అంటే వచ్చిందన్నాడు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, పనసపొట్టు కూర రెండోసారి వేయించుకుని, పూతరేకులు మెత్తబడిపోయాయని విమర్శించుకుని, ఓ ఇరవై నిమిషాలు గడిచాక ఆయన గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ మూడెకరాలూ అమ్మేశారా, లేక కోర్టులోనే ఉందా?" అన్నాడు. నాకు మూడు సెంట్ల నేల కూడా లేదు. అప్పటికి అర్థమైంది, నేను ఆయన్ని ఇంకెవరో అనుకున్నట్టే ఆయనా నన్ను ఇంకెవరో అనుకున్నాడు, ఇద్దరం ఇరవై నిమిషాలుగా అక్కడ లేని ఇద్దరు మనుషుల తరఫున మాట్లాడుకుంటున్నాం.

పెరుగన్నంలోకి వచ్చేశాం కదా, ‘ఇంకా నడుస్తోందండీ’ అనేసి లేచిపోదామనిపించింది. కానీ పొలం మాట, డబ్బు మాట, జబ్బు మాట వచ్చినప్పుడు నటించకూడదు. మీరు ఊరికే అన్న మాట రేపు ఇంకో ఇంట్లో నిజమైపోతుంది, ‘ఫలానాయనే స్వయంగా చెప్పాడు’ అని. కాబట్టి ఆగి, "అండీ, నాకో డౌట్. నేను ఫలానావాళ్ల అబ్బాయిని. మీరు ఎవరనుకున్నారు?" అన్నా. మన వివరం ముందు చెప్పి తర్వాత వాళ్లని అడగడం, అంతే కిటుకు. ముందే ‘మీరెవరు’ అంటే, ఇంతసేపూ పక్కన కూర్చుని తిన్నాక, కొట్టినట్టుంటుంది. ఆయన చేత్తో నుదురు కొట్టుకోబోయి, చెయ్యంతా పెరుగని గుర్తొచ్చి ఆగిపోయాడు.

అవతలివాళ్లు ‘నువ్వే’ అని పట్టుబడితే

కొందరు ఒప్పుకోరు. కాదండీ అంటే, ‘ఊరుకో, నన్నాటపట్టిస్తున్నావ్’ అంటారు. వాదించకండి, మీ పేరూ ఊరూ చెప్పి నవ్వండి చాలు. మనిషికి నమ్మకం ఎంత గట్టిగా ఉందో దాన్నిబట్టి అది నిజమని అనుకోడానికి లేదు. 1895లో లండన్‌లో అడాల్ఫ్ బెక్ అనే ఆయన్ని వీధిలో ఒకావిడ ఆపి, నా నగలు కాజేసింది నువ్వే అంది. ఆ తర్వాత ఇంకా చాలామంది ఆడవాళ్లు వచ్చి వీడే, వీడే అని గుర్తుపట్టారు. ఏడేళ్ల శిక్ష పడింది. విడుదలయ్యాక 1904లో మళ్లీ అదే నేరం, మళ్లీ వీడే అన్నారు, మళ్లీ దోషి అని తీర్పొచ్చింది. శిక్ష ఖరారు కాకముందే అసలు దొంగ దొరకడంతో బయటపడ్డాడు. ఆ గొడవ పుణ్యమాని 1907లో అక్కడ క్రిమినల్ అప్పీళ్లకి ప్రత్యేకంగా కోర్టు పెట్టారు. ఆ ఆడవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ నిజంగానే నమ్మారు.

ఇంకో రకం మనుషులున్నారు, వాళ్లు పొరపడరు, పొరపడినట్టు నటిస్తారు. ఫోన్ చేసి "గుర్తుపట్టారా? ఎవరో చెప్పండి చూద్దాం" అంటారు. మనం మొహమాటానికి ‘గొంతు విన్నట్టుంది, రమేషన్నయ్యా?’ అంటాం. అంతే, ఆ క్షణం నుంచి వాడు రమేషన్నయ్య. లేదా ‘మీ నాన్నగారికి డబ్బులివ్వాలి, మీ నంబర్‌కి వెయ్యమన్నారు’ అని, రెండు వేలకి బదులు పొరపాటున ఇరవై వేలు పంపానంటూ దొంగ మెసేజ్ ఒకటి పంపి, మిగతాది తిరిగి పంపమంటారు. అలాంటప్పుడు పేరు మీరు అందించకండి, వాళ్ల చేతే చెప్పించండి. మెసేజ్ కాదు, మీ బ్యాంక్ బ్యాలెన్స్ చూసుకోండి. నాన్నగారికి వేరే ఫోన్లో చేసి కనుక్కోండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. గుర్తుపట్టలేదంటే ఏమనుకుంటారో అన్న మన మొహమాటమే వీళ్ల పెట్టుబడి, కాబట్టి ఫోన్లో మాత్రం మొహమాటపడకండి.

ఇది రోజూ జరుగుతుంటే

నెలకోసారో ఆరు నెలలకోసారో అయితే నవ్వుకుని వదిలెయ్యొచ్చు. కానీ కొంతమందికి మొహాలు నిజంగానే పట్టుబడవు, సొంత అన్నదమ్ముల్ని కూడా గొంతు వింటే గానీ పోల్చుకోలేరు. దీనికి ప్రొసోపగ్నోసియా అని 1947లో యోఆహిమ్ బోడామర్ అనే జర్మన్ డాక్టరు పేరు పెట్టాడు. చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్‌కీ, మెదడు డాక్టరు ఆలివర్ శాక్స్‌కీ ఈ ఇబ్బంది ఉందని వాళ్లే చెప్పుకున్నారు. మీకూ అలా ఉంటే దాచుకోకండి, ‘నాకు మొహాలు గుర్తుండవు, మీరే పలకరించండి’ అని ఆఫీసులోనూ చుట్టాల్లోనూ ముందే చెప్పేస్తే పొగరన్న పేరు రాదు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఉన్నట్టుండి, నిన్నటిదాకా లేనిది, దారిన పోయేవాళ్లందరూ తెలిసినవాళ్లలాగే కనపడటమో, ఇంట్లోవాళ్లనే పోల్చుకోలేకపోవడమో మొదలైతే అది వయసని సరిపెట్టుకోకండి. న్యూరాలజిస్టుకి చూపించండి. దాంతోపాటు మూతి వంకరపోవడమో, మాట తడబడటమో ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మిమ్మల్నే ఇంకెవరో అనుకున్నప్పుడు

మొదటి వాక్యంలోనే చెప్పెయ్యండి. వాళ్లని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని ఊఁ కొట్టడం మొదలుపెడితే మధ్యలో దిగడానికి చోటుండదు. నేను ఒకసారి సిటీ బస్సులో ఊఁ కొట్టా. అమీర్‌పేటలో ఎక్కిన ఒక పెద్దాయన, చేతిలో మందుల సంచీ, నా పక్కన కూర్చుని నా మొహం కేసి ఓ నిమిషం చూసి, "నువ్వు మన ప్రసాదు కొడుకువి కదూ" అన్నారు. రెండు స్టాపుల్లో దిగిపోతా కదా అని నవ్వి తలూపా. "నాన్న బాగున్నాడా?" అన్నారు. బాగున్నారండీ అన్నా.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "హమ్మయ్య. పోయాడని ఎవరో చెప్పారు బాబూ, నెల రోజుల్నుంచీ నిద్ర లేదు" అన్నారు.

నా స్టాపు వచ్చింది, వెళ్లిపోయింది. నేను దిగలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాసేపు నీళ్లు నమిలి, చివరికి చెప్పా, నేను ప్రసాదుగారి కొడుకుని కాదండీ, నాకు వాళ్లెవరో తెలియదు, ఊరికే తలూపాను, తప్పయిపోయింది అని. ఆయన చెయ్యి వెంటనే వదల్లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ మూసాపేట దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత నావైపు తిరిగి, మందుల సంచీ ఒళ్లో సర్దుకుంటూ అడిగారు.

"అయితే నువ్వెవరబ్బాయివి?"